గుంతలో వేపాకు

1959 మే 3, ఆదివారం

రాయి, సువార్తా. మొదటి మాట ఇది: ఆ కాగితం మీద నేను వేలు పెట్టలేదు.

పటేలు తన ఇంటి అరుగు మీద నీలం సిరా మెత్త పెట్టుకొని కూర్చున్నాడు. ఒక్కొక్కరే రావడం, బొటనవేలు అద్దడం, కాగితం మీద ఒత్తడం, పోతూ పోతూ గోడకు తుడుచుకోవడం. గోడంతా నీలం. నా వంతు వచ్చింది. కాగితంలో ఏమున్నదని అడిగాను.

"ఎర్వు గుంతల సంగతి బ్లాకు ఆఫీసోల్లు అడుగుతున్నరు. నేర్పింది మంచిగున్నదా లేదా అని."

"అడిగింది నన్నా, నిన్నా?"

"నిన్నే. మంచిగున్నదని నేను రాసిన. జర జల్ది వెయ్యి, ఎనక మస్తు మంది ఉన్నరు."

అడిగింది నన్ను. చెప్పింది అతను. వేలు మాత్రం నాది కావాలి. చెయ్యి కొంగులో దాచుకొని వచ్చేశాను.

చదువు రాని దాన్ని. నోరు రాని దాన్ని కాదు. అందుకే ఈ పుస్తకం. సువార్త మిషను బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. క్రిస్మసుకు ఆమెకెవరో ఇచ్చిన తారీకుల పుస్తకం ఉత్తగా పడి ఉన్నది. నేను చెప్పేది దాంట్లో పెట్టమన్నాను. పుస్తకంలో పుస్తకం మాటలే రాస్తానంటుంది. రాసుకో. అర్థం మారితే మాత్రం ఊరుకోను.

మే 4

కేసు మొదటి నుంచి.

పోయిన శ్రావణంలో గ్రామసేవకుడు శరణప్ప వచ్చాడు. కన్నడం వైపు మనిషి. సైకిలు, నల్ల గొడుగు, మెత్తటి గొంతు. గుంత తవ్వాలి, చెత్త ఒక వరుస, పేడ ఒక వరుస, మట్టి ఒక వరుస, పైన మట్టితో మెత్తి వదిలేయాలి, నాలుగు నెలలకు నల్లటి ఎరువు... ఇదీ అతని పాఠం. పెంటకుప్ప బయట ఉంటే ఎండకు ఎండి, వానకు కొట్టుకుపోయి సగం సారం పోతుందన్నాడు. నిజమే అనిపించింది. అనిపించిందని దాచను.

మా నేల మూరెడు తవ్వితే బండ. తాండూరు చుట్టూ అంతే, పలకలు పలకలుగా రాయి. నా కొడుకు ఆ బండలే కొట్టి బతుకుతున్నాడు. ఇక గుంత ఎక్కడ తవ్వేది? ఇంటింటికీ పాతర ఉన్నది కదా. తాతల కాలంలో బండ తొలిచి జొన్నలు దాచిన గుంత. జొన్నలు పోసి మూతి మెత్తితే ఏళ్ల తరబడి పురుగు ముట్టేది కాదు. ఇప్పుడు దాచేటన్ని జొన్నలు ఎవరికున్నాయి? ఊళ్లో పాతరలన్నీ ఖాళీ. అందరం వాటినే నింపాము.

పుష్యంలో కంది కొట్టిన తర్వాత నింపాను. కంది ఆకు, పొట్టు, జొన్న దంట్లు, ఏడాది పేడ. ఒక్క తట్ట కూడా చేనుకు పోనివ్వలేదు. మొన్న మూత ఒక పక్క పగలగొట్టి చెయ్యి పెట్టాను. కంది ఆకు కంది ఆకులాగే ఉన్నది. పేడ పిడకలాగే ఉన్నది.

మిరుగం కార్తెకు, అంటే విత్తే అదనుకు, ఇంకా నెల రోజులు. నాకున్నది ఎకరన్నర చెలక. దాని మీదే నేను, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఏడాది తినాలి. ఎరువు పడకపోతే ఆ నేల జొన్న ఇవ్వదు.

మంచిగున్నదని కాగితం పోయిందనుకో. చూడటానికి ఎవరొస్తారు? మంచిగున్న చోటికి ఎవరూ రారు.

ఇదీ నా కేసు.

మే 6

ఇంకొకటి రాయి. సిగ్గైనా రాయి.

నా మరిది బీరయ్యకు గొర్రెల మంద ఉన్నది. ఏటా ఎండాకాలం పది దినాలు నా చెలకలో మంద ఆపేవాడు. నేలంతా గొర్రె ఎరువు. ఈ ఏడు వద్దన్నాను. ఊరికే అనలేదు, నలుగురిలో అన్నాను. "నీ గొర్లు నాకెందుకు బీరయ్యా, నా గుంతల బంగారం మాగుతున్నది" అన్నాను.

ఈరోజు బావి దగ్గర ఎదురుపడ్డాడు.

"వదినె, బంగారం మాగిందా?"

బిందె నిండకముందే ఎత్తుకొని వచ్చేశాను.

మే 8

పటేలు మా వాకిట్లోకి వచ్చాడు. ఎన్నడూ రాని మనిషి. నిలబడే మాట్లాడాడు.

"మొగులమ్మా, ఊరంత వేలేసింది. నువ్వొక్కదానివే పరేషాన్ జేస్తున్నవ్. గీ కాగితం మంచిగ పోతె ఊరికి రేడియో పెట్టె వస్తదంటున్నరు."

"రేడియో ఎర్వు పెడ్తదా పటేలా?"

"ఎర్వు ఎట్ల జెయ్యాల్నో జెప్తది."

"జెప్పెటోడు ఒకడు వచ్చి పొయ్యిండు గద. జెప్పినంక వచ్చి సూసెటోడు గావాలె నాకు."

గోడ మీద కూర్చున్న పిల్లలు కిసుక్కుమన్నారు. పటేలు పోయాడు. కోడలు అంతమ్మ తలుపు చాటు నుంచి అంతా విన్నది. ఈ మధ్య గుంత మాట వస్తే చాలు, ఏమీ అనడం లేదు.

మే 10, ఆదివారం

సువార్త చర్చి నుంచి కబురు మోసుకొచ్చింది. మంగళవారం వికారాబాదులో బ్లాకు ఆఫీసు దగ్గర సభ. పెద్దసారు వస్తాడట. ఎరువు నేర్పుడు ఎట్లా ఉన్నదో రైతులు నోటితోనే చెప్పాలట. మా ఊరి నుంచి పటేలు పోతున్నాడు.

నోటితో అయితే నేనూ పోతాను. సువార్త చెల్లెలు వికారాబాదులోనే ఉన్నది. ఆమెను చూసినట్టుంటుందని సువార్త తోడు వస్తానన్నది.

మే 12, మంగళవారం

పోయాము. వచ్చాము. గొంతు బొంగురు పోయింది, అయినా చెబుతాను, రాయి.

తాండూరులో రైలెక్కితే వికారాబాదు దాకా నిలబడే. ఆఫీసు ముందు శామియానా. కుర్చీలు మగవాళ్లకు. ఆడవాళ్లం నలుగురం వెనుక జంపఖానా మీద. పెద్దసారు ముందర కాగితాల కట్ట. మా కాగితం కూడా అందులో ఉన్నది, నీలం వేళ్లతో, నా వేలు లేకుండా.

ఊరి పేరు పిలుస్తారు. ఒకడు లేస్తాడు. "మంచిగున్నది సార్." కూర్చుంటాడు. ఇంకో ఊరు. "మస్తుగున్నది సార్." శామియానా గుంజ పక్కన శరణప్ప నిలబడి ఉన్నాడు. ఒక్కొక్క మంచిగున్నదికి అతని మెడ ఒక్కొక్క అంగుళం లేస్తున్నది.

మా ఊరు పిలిచారు. పటేలు లేచాడు. నేనూ లేచాను.

"సారూ, నా గుంతల మంచిగ లేదు."

పటేలు వెనక్కి తిరిగాడు. "ముసల్ది సార్, దానికి జర మతి..."

"సారు నా వయసు అడగలే, గుంత సంగతి అడిగిండు. నువ్వు కూసో పటేలా."

ముందు వరుసలో ఎవరో నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. "ఏమైందమ్మా?" అన్నాడు.

"ఏం గాలె సారూ. గదే సంగతి. ఐదు నెలలైంది, ఏం గాలె. ఏసింది ఏసినట్టె ఉన్నది."

సార్ శరణప్ప వైపు చూశాడు. శరణప్ప మెడ దిగిపోయింది. "ఇంకెవరికైనా ఇట్లా ఉన్నదా?" అని అడిగితే అందరూ తమ చెప్పులే చూసుకుంటున్నారు. చివరికి మోమిన్‌పేట వైపు రైతు ఒకాయన సగం లేచి, "మా దాంట్ల నీళ్లు నిలిచి కంపు లేసింది సార్" అన్నాడు. ఆ తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. ఆఖరుకు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు.

సార్ కాగితాల కట్ట పక్కకు జరిపాడు. "ఇవి పనికిరావు. మళ్లీ అడిగి రాయండి" అన్నాడు. శరణప్పతో ఇంకో మాట అన్నాడు. "ముందు ఈమె గుంత చూడు. ఎందుకు కాలేదో రాసి తే. నీ పాఠంలో తప్పుంటే తప్పనే రాయి."

తిరుగు రైల్లో కూర్చోవడానికి చోటు దొరికింది. సువార్త ఉడికించిన శనగలు కొన్నది. పొట్లం మొత్తం నేనే తిన్నాను.

మే 13

నిద్ర పట్టింది. చాలా రోజులకు.

మే 15

గెలిచిన దాన్ని నేను. మరి గుంజ పక్కన వంగిన ఆ మెడ ఎందుకు కళ్ల ముందుకు వస్తున్నది?

మే 17, ఆదివారం

శరణప్ప వచ్చాడు. పొద్దున్నే. సైకిలు గోడకు ఆనించి, మంచినీళ్లు కూడా అడగకుండా, "గుంత సూపియ్యవ్వా" అన్నాడు.

ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. మూత మెత్తింది నేనే, మొన్న పగలగొట్టిన పక్కను మళ్లీ మెత్తింది కూడా నేనే. పుట్టమన్ను, పేడ, సన్నగా కోసిన గడ్డి కలిపి మూడు పూతలు. గడ్డపార రెండుసార్లు జారింది. శరణప్ప చెమట తుడుచుకున్నాడు.

"గిదేందవ్వా, కోట గోడనా?"

నాకు గర్వమే అయింది. నిజం చెప్పాలి కదా.

మూత విరిగింది. లోపలి నుంచి వేపాకు వాసన గుప్పున కొట్టింది. శరణప్ప ఒంగి పిడికెడు తీశాడు. చూశాడు. గుంత ఒడ్డున అట్లాగే కూర్చుండిపోయాడు.

"వేపాకు ఎందుకేసిన్రవ్వా?"

"పురుగు పట్టకుండ."

"బూడిద?"

"చెదలు రాకుండ."

"సుట్టూర గడ్డి తాడు?"

"తేమ రాకుండ."

చెబుతూ ఉండగానే నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"అవ్వా... పురుగు పట్టాలె. తేమ రావాలె. గప్పుడె మురుగుతది. నువ్వు చెత్తను జొన్నల తీరు దాచినవ్."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"నీళ్లు ఎన్ని బిందెలు పోసిన్రు?"

"పాతర్ల నీళ్లు పోస్తరా ఎవలన్న? తడి చెయ్యి గూడ పెట్టనియ్యం."

"తడపాలెనని నేను జెప్పిన గదవ్వా."

"జెప్పలే."

"జెప్పిన..."

"జెప్పలే శరణప్పా. ఆ దినం ముసురు. నువ్వు గొడుగు పట్టుకొని సూపించినవ్. చెత్త అప్పటికె నానింది. నువ్వు నీళ్లు పొయ్యలే, మేం సూడలే."

జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. శ్రావణం దాకా వెనక్కి తిప్పాడు. ఆ పేజీ చాలాసేపు చూశాడు. పుస్తకం మూసి, "జెప్పలేదవ్వా" అన్నాడు. ఇట్లా ఒప్పుకొనే ఆఫీసు మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

తర్వాత ఇంకో మాట అడిగాడు. ఆ మాట అడగకపోతే ఈ రోజు ఇక్కడితో అయిపోయేది.

"మరి వేపాకు నేను జెప్పలేదు. ఊరందరు వేసిన్రా?"

వేశామన్నారు.

"ఎవలు జెప్పిండ్రు?"

అందరి కళ్లూ నా మీద.

మే 18

నిన్నటిది పూర్తి చేయాలి.

పాతర మెత్తడం ఊళ్లో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మా అత్త నేర్పింది. శరణప్ప గుంతలో ఆకు వేయమన్నాడు, ఏ ఆకో చెప్పలేదు. వేపాకు వేయండి, బూడిద చల్లండి, మూడు పూతలు మెత్తండి అని ఇంటింటికీ పోయి చెప్పింది నేను. పక్కింటి నర్సమ్మ ఇంట్లో అయితే నా చేత్తోనే వేశాను. ఆఫీసు వాళ్ల మీద కేసు చెప్పడానికి మొదలుపెట్టిన పుస్తకం ఇది. కేసు తిరిగి తిరిగి నా గడపలోకే వచ్చింది.

"గిది గూడ రాయాల్నా పెద్దమ్మా?" అంటున్నది సువార్త.

రాయి. ఇంకా ఉన్నది.

పుష్యంలో గుంత నింపేటప్పుడు అంతమ్మ కడవ పట్టుకొని వచ్చింది. "అత్తా, జర నీళ్లు సల్లుదమా? పెంటకుప్ప తడిస్తెనె గద మాగుతది" అన్నది. నేను ఆమె చేతిలోంచి కడవ గుంజుకున్నాను. "మీ అమ్మగారింట్ల పాతర ఉన్నదా? పాతర సంగతి నీకేమెరుక?" అన్నాను. ఇంకా ఒకటి రెండు అన్నాను. అవి రాయొద్దు.

అప్పటి నుంచి ఆమె గుంత మాట ఎత్తలేదు. నిన్న శరణప్ప నీళ్ల సంగతి అడిగినప్పుడు కూడా ఎత్తలేదు. అందరిలో ఒక్క మాట అంటే నా ముఖం ఎక్కడ పెట్టుకునేదాన్ని? అనలేదు.

రాత్రి అన్నం పెడుతున్నప్పుడు నేనే అన్నాను. "కడవ తెచ్చిన దినం నువ్వు జెప్పిందె నిజం."

కూర గరిటె ఆగింది. "కడవ సొట్ట వోయింది అత్తా గప్పుడు" అన్నది. అని, కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఐదు నెలల నవ్వు.

నేనూ నవ్వాను.

మే 19

శరణప్ప పోలేదు. స్కూలు వరండాలో పడుకున్నాడట. పొద్దున ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి గుంతలోకి దిగాడు. గంపకెత్తి ఇస్తుంటే మేము బయట కుప్ప పోశాము. వేపాకు ఏరి పక్కన పడేశాము. ఇక కుప్ప నేల మీదే, గుంతలో కాదు. చెత్త, పేడ, కొట్టంలో పశువుల మూత్రం పట్టిన మట్టి, వరుస వరుసకూ నీళ్లు.

"పూర్తిగ మాగదవ్వా, ఇరవై దినాలల్ల ఎంత మాగుతది? సగం మాగినా చెల్కకు పనికొస్తది."

బావి అడుగంటింది. నీళ్లు ఎక్కడివి? పాడుబడ్డ నాపరాతి గనిలో ఉన్నాయి, పచ్చగా, నాచు పట్టి. ఆ పచ్చ నీళ్లే మంచివన్నాడు. గని నుంచి మా వాకిలి దాకా ఆడవాళ్లం బారు కట్టాము.

"పుష్యంల వేపాకు మోయమన్నది. వైశాఖంల నీళ్లు మోయమంటున్నది. ఎట్లనన్న మోయిస్తది గీ ముసల్ది" అని నర్సమ్మ.

"మోసినంక తిట్టు. తిట్టుకుంట మోస్తె నీళ్లు తొణుకుతయ్" అన్నాను.

ముందు నా కుప్ప. రేపు నర్సమ్మది. ఎల్లుండి ఇంకొకరిది. తప్పు నాదైనప్పుడు ప్రతి ఇంటి కుప్పకూ మొదటి బిందె నేనే మోయాలి. ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

మే 21

మెడ పట్టింది. అంతమ్మ ఆవనూనె రాసింది. కుప్ప చల్లగా ఉన్నది. రాయిలాగా చల్లగా.

మే 22

చల్లగానే.

మే 24, ఆదివారం

సువార్తా, ముందు ఇది రాయి. వేడిగా ఉన్నది!

పొద్దున కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. అన్నం కుండలో పెట్టినట్టు. చటుక్కున తీశాను. వేళ్లకు ఆవిరి. అంతమ్మను పిలిచాను, ఆమె పెట్టింది. పిల్లలు పెట్టారు. కొడుకు పనికి పోతూ పోతూ ఆగి పెట్టాడు. చూసి, "అమ్మా, గీడ జొన్నరొట్టె కాల్చుకోవచ్చు" అన్నాడు.

వాకిట్లో కూలబడి నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో చెప్పమంటే చెప్పలేను. ముసలిదానికి నిజంగానే మతి పోయిందని పటేలు చూస్తే అనేవాడే.

నర్సమ్మ కుప్ప కూడా వేడెక్కిందట. గోడ మీద నుంచి అరిచి చెప్పింది.

మే 27

కుప్పలు తిరగేశాము. కింది భాగం గోధుమ రంగుకు తిరిగింది. కంది ఆకును వేళ్లతో నలిపితే విరిగిపోతున్నది. అంతమ్మ వాసన చూసి, "వాన వడ్డ నేల తీరున్నది" అన్నది.

పటేలు గుంత సంగతి కూడా బయటపడింది. శరణప్ప చూస్తానంటే ముందు వద్దన్నాడు. తెరిస్తే నల్లటి ఎరువు! అందరం నోరు తెరిచాము. శరణప్ప కర్రతో లోపలికి గుచ్చాడు. పైన ఒక మూర ఎరువు, కింద ఉత్త గాలి. పాతర లోపల అడ్డంగా కర్రలు పరిచి, కొట్టం వెనుక పెంటకుప్ప ఎత్తి పైన పోయించాడు పటేలు. పెద్దసారు చూడటానికి వస్తే కావాలని.

"రేడియో పెట్టుకునేందుకు మంచిగున్నది పటేలా, జాగ" అన్నాను.

ఈసారి పటేలే ముందు నవ్వాడు. పాపం, ఏం చేస్తాడు.

జూన్ 3

చెలకకు పోతే నా చేనులో గొర్రెలు. మధ్యాహ్నం ఎండ. మంద మొత్తం ఉత్తరం సగంలో నిలబడి ఉన్నది. బీరయ్య కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు.

"నేనెప్పుడు పిల్చిన నిన్ను?"

"నువ్వు పిల్వలే వదినె. ఎండకు గొర్లె ఆగినయ్. నేనేం జెయ్యాలె?"

"ఎన్నడు పోతయ్?"

"వాటి ఇష్టం. నాలుగైదు దినాలు ఆగుతయేమొ."

ఇంటికి వచ్చి అంతమ్మతో చల్ల పంపించాను, పెద్ద చెంబుతో.

జూన్ 7, ఆదివారం

శరణప్ప కొత్త కాగితం తెచ్చాడు. సువార్త గట్టిగా చదివింది, ఒక్క మాట వదలకుండా. ఏం నేర్పారు, ఏం అర్థం కాలేదు, మీరేం చేశారు, మళ్లీ నేర్పితే ఎట్లా నేర్పాలి, ఫలితం ఎట్లా ఉన్నది. ఇవన్నీ నిజంగా అడిగే మాటలే.

అన్నీ చెప్పాను. వేపాకు నేను వేయించానని చెప్పాను. శరణప్ప అది రాయకుండా కలం ఆపాడు. "గది ఒద్దులే అవ్వా, నా పాఠంల నీళ్లు లేవు గద, తప్పు నాదే అని రాస్త" అన్నాడు.

"నీది నువ్వు రాసుకో. నాది నన్ను రాయనియ్."

రాశాడు. మళ్లీ నేర్పితే ఎట్లా అన్నదానికి: ఎండలో నేర్పండి. నేర్పేవాడు తన చేత్తో నీళ్లు పోయాలి. ముందు మా నేల ఎట్లాంటిదో, మా గుంతలు దేనికి కట్టినవో మమ్మల్ని అడగాలి. అడిగి ఉంటే పాతర అని చెప్పేవాళ్లం, అతనికి అప్పుడే తెలిసేది. కోడళ్లను కూడా పిలవాలి. ఈ చివరి మాటకు అంతమ్మ తల వంచుకున్నది.

ఫలితం ఎట్లా ఉన్నది? అక్కడ ఆపాను.

"గది ఖాలీ పెట్టు. మొలకొచ్చినంక జెప్త. గప్పటిదాంక వేలు వెయ్య."

"అవ్వా, సారు ఇరవై తారీకు లోపల కావాలన్నడు. నా నౌకరి సంగతి గూడ గీ కాగితం సూసినంకనె అన్నడు."

"మిరుగం మీ సారు మాట ఇంటదా?"

నవ్వాడు, కానీ ముఖంలో నవ్వు లేదు. కాగితం మడిచి దీపం గూట్లో పెట్టాను.

జూన్ 8

కుప్ప ఎరువు చెలకలో చల్లాము. దక్షిణం సగానికి సరిపోయింది. పూర్తి నలుపు కాదు. అక్కడక్కడా దంటు ముక్కలు ఇంకా దంటు ముక్కలే. అయినా ఎరువే. చేతులు రెండు రోజులు వాసన వస్తాయి, రానీ.

ఉత్తరం సగం గొర్రెలది, దక్షిణం సగం గుంతది. నేల మధ్యలో కర్రతో గీత గీశాను.

జూన్ 10

వాన! గంటసేపు. పాత గుంత నిండింది. ఇక అందులో ఏది దాచాలన్నా దాచలేము.

జూన్ 12

జొన్న, మధ్యన కంది. విత్తే గొర్రు తోలింది కొడుకు, విత్తనం పోసింది అంతమ్మ. నేను గట్టు మీద. నడుము పని చేయనివ్వలేదు. నోరు పని చేసింది.

జూన్ 14, ఆదివారం

ఏమీ లేదు.

జూన్ 16

మళ్లీ చిన్న జల్లు. ఏమీ లేదు. రెండు సగాల్లోనూ ఏమీ లేదు. ఫికర్ చేయొద్దంటుంది అంతమ్మ. నేను ఎక్కడ చేస్తున్నాను?

జూన్ 18

శరణప్ప పొద్దున్నే వచ్చాడు. ఈసారి సిరా మెత్త కూడా తెచ్చాడు. గుమ్మం దగ్గర కూర్చొని గొడుగు కర్ర తిప్పుతున్నాడు.

జాలేసింది. గూట్లోంచి కాగితం తీశాను. బొటనవేలు సిరాలో అద్దాను. నీలంగా మెరిసింది. కాగితం మీద పెట్టబోయి ఆగాను. ఖాళీ అట్లాగే ఉన్నది కదా, ఆ చివరి మాట దగ్గర.

"ముందుగాల సూసొద్దాం" అన్నాను.

వేలు పైకి పట్టుకొని చెలక దాకా నడిచాను. వెనుక శరణప్ప కాగితంతో, అంతమ్మ పిల్లలతో, సువార్త ఈ పుస్తకంతో. గట్టు మీద బీరయ్య అప్పటికే ఉన్నాడు, తన సగం చూసుకుంటూ.

ఉత్తరం సగం నేల చదునుగా ఉన్నది. దక్షిణం సగంలో, మూడో సాలులో, పెచ్చు పగిలి కొంచెం లేచింది. ఒంగి మట్టి జరిపాను. జరిపింది సిరా వేలితోనే, గుర్తు రాలేదు. కింద పచ్చటి సూది. ఒక్కటి. ఇంకొంచెం దూరంలో ఇంకొకటి లేస్తున్నట్టున్నది.

"జొన్న అత్తా!" అన్నది అంతమ్మ.

"గడ్డి వదినె" అన్నాడు బీరయ్య. "రెండాకులు వెయ్యనియ్, జెప్త."

శరణప్ప నా ముఖం చూస్తున్నాడు. కాగితం చేతిలో రెపరెపలాడుతున్నది. నా వేలు చూసుకున్నాను. సిరా మొత్తం మట్టికి పోయింది.

"తవ్వి సూస్తె అడుగున విత్తనం కనవడ్తది. ఇప్పుడె తెలుస్తది" అన్నాడు బీరయ్య.

తెలుస్తుంది. తవ్వను.